పొడి దీక్ష

“గురువుగారూ, పసిపిల్లల పంతానికి విరుగుడు ఏమిటండీ?” అని చయనులు అడిగాడు.

అచ్యుతయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే ముందుగా అడిగినవాడి చేతుల వంక చూసేవారు. ఆ చేతులు ఆ పూట ఏం చేసి వచ్చాయో తెలిస్తే ప్రశ్న ఎక్కడ పుట్టిందో తెలుస్తుందనేవారు. జవాబు మాత్రం అప్పటికప్పుడు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించి పంపేసేవారు. ఆ మధ్యాహ్నం చయనులు కుడిచేతి వేళ్ళకు పప్పన్నం అంటుకుని ఎండిపోయి ఉంది. చూపుడువేలి మీద చిన్న చిన్న పళ్ళు దిగిన గాటు ఎర్రగా కనిపిస్తోంది.

వంశధారకు ఇవతలి ఒడ్డున, కొండలు మొదలయ్యే చోట ఉండేది వాళ్ళ ఆశ్రమం. పెద్దదేమీ కాదు. నాలుగు తాటాకు పాకలు, ఒక పెంకుటి భోజనశాల, ఒక నుయ్యి, దాని చుట్టూ కూరపాదులు. అచ్యుతయ్య గారు ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసి, భార్య పోయాక అక్కడ స్థిరపడ్డారు. వచ్చినవాళ్ళను కులం అడగకుండా ఒకే వరసలో కూర్చోబెట్టి అన్నం పెట్టాలన్నది ఆయన పెట్టిన ఒకే ఒక నియమం. మిగిలిన నియమాలన్నీ చయనులు పెట్టినవి. పన్నెండేళ్ళ కిందట తాలూకా కచేరీలో గుమాస్తాగిరీ వదులుకుని వచ్చినవాడతను. మనిషి నెమ్మదస్తుడే గానీ, ఏదీ చిందరవందరగా ఉంటే సహించలేడు. గంట కొట్టాకే కూర్చోవాలన్నాడు. తినేటప్పుడు మాట్లాడకూడదన్నాడు. ఏది వడ్డిస్తే అది తినాలన్నాడు. విస్తట్లో మెతుకు మిగలకూడదన్నాడు. ఆ చివరి రెండు నియమాలనూ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో జనం గొప్పగా చెప్పుకునేవారు.

వీటన్నిటికీ మించి, అక్కడ పొడి దీక్ష అని ఒకటి ఉండేది. అచ్యుతయ్య గారు పప్పు ముట్టేవారు కాదు. పులుసు, చారు, పచ్చడి, ఉడికించిన కూర, ఏదీ ఆయన విస్తరి మీదికి వచ్చేది కాదు. మెతుకు మెతుక్కీ విడిపోయేలా వార్చిన అన్నం, కాస్త ఉప్పు, నిప్పుల మీద కాల్చిన అప్పడం, నాలుగు వేయించిన వడియాలు, చివర గ్లాసులో మజ్జిగ. ఇంతే భోజనం. వచ్చిన కొత్తలోనే చయనులు ఇది గమనించాడు. నాలుకను ఇంతగా జయించిన మనిషిని అతను అంతకుముందు చూడలేదు. నెల తిరక్కుండా తానూ ఆ పద్ధతిలో పడ్డాడు. అది చిన్న విషయమేమీ కాదు. వేడివేడి ముద్దపప్పులో నెయ్యి పోసుకుని, గోంగూర నంజుకుని తినే ఇంట్లో పుట్టి పెరిగినవాడు అతను. మొదటి ఏడాది వంటశాలలో పోపు వేసినప్పుడల్లా నూతి దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. తరవాత అలవాటైంది. అతన్ని చూసి మరో నలుగురు మొదలుపెట్టారు. ఆ దీక్షకు పేరు పెట్టినవాడూ చయనులే.

అక్కడికి ఆ ఏడు శ్రావణంలో తవిటమ్మ వచ్చింది. విస్తళ్ళు కుట్టడం ఆమె పని. కొండ మీంచి అడ్డాకులు దించుకొచ్చి, ఈనెపుల్లలతో కుట్టి, భోజనశాల వెనక కట్టలు కట్టి పెట్టేది. పెనిమిటి ఒడిశా వైపు రోడ్డు పనికి వెళ్ళాడు. ఆమె వెంట ఆరేళ్ళ కూతురు వరాలు ఉండేది. సన్నగా, చీపురుపుల్లలా ఉండేది ఆ పిల్ల. మోచేతులు మరీ పెద్దవిగా కనిపించేవి. వచ్చిన రోజే ఆ పిల్ల విస్తట్లో పప్పు, కూర, పులుసు అన్నీ వడ్డించినవి వడ్డించినట్టే ఉండిపోయాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు చయనులు తవిటమ్మను పిలిచి మందలించాడు.

తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నానేటి సెయ్యను బాబూ! పుట్టిన కాణ్ణించీ ఇంతే. ఎండు అటుకులిస్తే తింటాది. అడుగంటిన మాడన్నం ఇస్తే తింటాది. తడిదేదీ నోట్లో ఎట్టుకోదు. కొట్టినాను, బుజ్జగించినాను. మా అత్తయితే దీనికి గాలి సోకిందంటంది. ఈ అమాసకి వాతలెట్టే ముసలాడి కాడికి తీసుకెల్తానంది. అందరిలాగ నాలుగు ముద్దలు తిన్నాదంటే మా అత్త ఆ మాట ఒగ్గేత్తాది బాబూ. నీ సేత్తో ఓ ముద్ద ఎట్టి సూడు, నీ మాటకి బయపడతాదేమో.”

వాతలంటే కాల్చిన పసుపుకొమ్ము పసిపిల్ల పొట్ట మీద ఆనించడం. ఆ మాట విన్నాక చయనులు ఊరుకోలేకపోయాడు. ఎలాగైనా ఆ పిల్ల చేత తినిపించి తీరాలనుకున్నాడు. అందులో దయే ఉంది, వేరే ఏమీ లేదు. మర్నాడు పంక్తిలో వరాలు ఎదుట గొంతుక్కూర్చుని పప్పన్నం మెత్తగా కలిపి, చిన్న ముద్ద చేసి, “తినమ్మా, ఒక్కటే, ఒక్కటి తింటే చాలు” అన్నాడు. పిల్ల పెదాలు బిగించింది. అతను రెండు బుగ్గలూ పట్టి నొక్కి ముద్ద లోపల పెట్టేశాడు. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. వేలు కొరికింది. మరుక్షణం ఆ ముద్దతో పాటు పొద్దుటినుంచీ కడుపులో ఉన్న నాలుగు అటుకులూ కూడా విస్తట్లోకి వచ్చేశాయి. పంక్తి సగంలో లేచిపోయింది. తవిటమ్మ అందరిముందూ పిల్ల వీపు మీద రెండు దెబ్బలు వేసి, తరవాత పిల్లకంటే పెద్దగా తనే ఏడ్చింది.

చయనులు గురువుగారి దగ్గరికి వెళ్ళింది అక్కడినుంచే.

అచ్యుతయ్య గారు ఆ వేళ్ళనూ, ఆ గాటునూ చూసి, “రేపటినుంచి నువ్వు వడ్డన మానెయ్యి. ఆ పిల్ల పక్కన కూర్చుని భోంచెయ్యి” అన్నారు. “తినమని అనకు. ఎందుకు తినవని అడగకు. పక్కన కూర్చో, అంతే.”

“ఎన్నాళ్ళండీ?”

“అమావాస్య దాకా.”

“అమావాస్య ఇంకా తొమ్మిది రోజులే ఉందండీ. ఆలోగా ఆ పిల్ల తినకపోతే...”

“అందుకే రేపటినుంచే అన్నాను.”

మొదటిరోజు వరాలు అతన్ని చూసి మూరెడు దూరం జరిగింది. మిగిలినవాళ్ళు చయనులు నేల మీద, అందరి మధ్యా, అంత చివర కూర్చోవడం చూసి ఆశ్చర్యపోయారు. పన్నెండేళ్ళుగా అతను భోజనశాలలో నిలబడే ఉన్నాడు. గురువుగారి విస్తరి దగ్గరినుంచి చిట్టచివరి విస్తరి దాకా నడుస్తూ ఉండేవాడు. కూర్చుంటే ఆ గది వేరేగా ఉందని అతనికి మొదటిసారి తెలిసింది. ఇత్తడి గంటె బకెట్టు అడుగున గీసుకునే చప్పుడు కింద కూర్చున్నవాళ్ళకు సరిగ్గా చెవిలోకి వస్తుంది. ఆ చప్పుడైనప్పుడల్లా వరాలు మెడ భుజాల్లోకి ముడుచుకుపోయేది. పులుసు బకెట్టు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగపట్టేది, అది దాటిపోయాక వదిలేది. కూర రసం చుక్క వేలికి తగిలితే పరికిణీ అంచుకు తుడుచుకునేది, మళ్ళీ తుడుచుకునేది, చర్మం ఎర్రబడేదాకా తుడుచుకుంటూనే ఉండేది. వీటన్నిటినీ అంతకుముందు నిలబడి చూసినప్పుడు చయనులుకు వంకల్లాగే కనిపించాయి. పక్కన కూర్చుని చూస్తే ఆ పిల్లకు ఆకలి లేకపోవడం అన్నది అబద్ధమని తెలిసింది. విస్తట్లో తెల్లటి అన్నం పడగానే దాని కళ్ళు మెరిసేవి. చెయ్యి చాచబోయేది. అంతలో దాని మీద పప్పు పడేది. అప్పుడా చెయ్యి మెల్లగా ఒళ్ళోకి తిరిగొచ్చేసేది.

నాలుగో రోజున చయనులు వడ్డించేవాడికి కనుసైగ చేశాడు. ఆ పిల్ల అన్నం మీద ఎవరూ ఏమీ వెయ్యలేదు. అతనే వంటశాలలోకి వెళ్ళి, గుండిగ అడుగున కరకరలాడే మాడుచెక్క గీకి తెచ్చి, పక్కన పెట్టి, తన అప్పడం తను తినసాగాడు. వరాలు చాలాసేపు చూసింది. తరవాత మాడుచెక్క విరిచి నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క వేసుకుంది. ఆపైన ఉత్త అన్నం కూడా కాస్త తిని, తనే మాట కలిపింది.

“నువ్వు పప్పెందుకు తినవు?”

భోజనాల దగ్గర మాట్లాడకూడదన్న నియమం చయనులుకు గుర్తొచ్చింది. అయినా గొంతు తగ్గించి, “దీక్షమ్మా” అన్నాడు.

“దీచ్చంటే ఏటి?”

“ఇష్టమైనదాన్ని మానుకోవడం.”

పిల్ల అతని ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్తున్నాడేమోనని వెతికినట్టుంది. “ఇష్టమైతే ఎందుకు మానీసినావు?” అంది. అతను అప్పడం ఇంకో ముక్క విరిచాడు. ఆ పిల్లే మళ్ళీ అంది: “నాకు ఇష్టం నేక కాదు. తిందామనే అనుకుంతాను. నోట్లో ఎట్టుకుంతే గొంతుక తలుపేసీసుకుంతాది. నాను ఎయ్యను. అదే ఎయ్యీసుకుంతాది.”

ఆ సాయంత్రమంతా చయనులు ఆ మాటనే తలుచుకుంటూ కూరపాదుల్లో తిరిగాడు. మర్నాడు తవిటమ్మను అడిగి ఒక చిన్న దొన్నె కుట్టించి, వరాలు విస్తరి పక్కన పెట్టాడు. “నోట్లో పెట్టుకున్నాక మింగలేకపోతే ఇందులో ఉమ్మెయ్యి. ఎవరూ ఏమీ అనరు. నేనూ ఎవరికీ చెప్పను” అన్నాడు. మెతుకు మిగలకూడదని పన్నెండేళ్ళు కాపలా కాసిన మనిషి తన చేత్తోనే తన నియమానికి గండి కొట్టుకున్నాడు. విచిత్రమేమిటంటే, దొన్నె ఉందన్న ధైర్యానికి ఆ పిల్ల ఆ రోజు ఉడికించిన పెసలు ఒక్కొక్క గింజే నాలుగు నోట్లో వేసుకుంది. రెండు ఉమ్మింది. రెండు మింగింది.

అమావాస్య ముందురోజున ఆశ్రమంలో సంతర్పణ. నరసన్నపేట నుంచి ఒక దాత వచ్చాడు. మనవడు పుట్టిన సంతోషంలో వంటవాళ్ళనూ, వడ్డించేవాళ్ళనూ తనే వెంటబెట్టుకుని వచ్చాడు. జనం బాగా కూడారు. ఎదురెదురుగా రెండు వరసల్లో విస్తళ్ళు పరిచారు. తవిటమ్మ అత్త అప్పయ్యమ్మ కూడా ఆ పొద్దునే దిగింది. భోజనం కాగానే మనవరాల్ని తీసుకుని బయల్దేరాలని ఆమె ఉద్దేశం. ఆడవాళ్ళ వైపు కూర్చుని, కళ్ళు పిల్ల మీదే పెట్టింది. గురువుగారు ఒక వరస మొదట కూర్చున్నారు. ఎదుటి వరసలో, చివర, వరాలూ పక్కన చయనులూ.

మామూలు రోజుల్లో గురువుగారి విస్తట్లోకి ఏది వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో చయనులు చూసుకునేవాడు. ఆ రోజు అతను దూరంగా ఉన్నాడు. వడ్డించేవాళ్ళు కొత్తవాళ్ళు. ఒకడు పెద్ద గంటెడు బెండకాయ పులుసు అచ్యుతయ్య గారి అన్నం మీద ధారగా పోసేశాడు. చయనులు సగం లేచాడు. అప్పటికే దాత చేతులు కట్టుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “మా ఇంట్లో పండిన బెండకాయలండీ, తమరు ఒక్క ముద్ద తింటే మనవడికి ఆశీర్వాదం” అంటున్నాడు. అచ్యుతయ్య గారు అతని ముఖం చూశారు. విస్తరి చూశారు. ఏమనుకున్నారో, అన్నం కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

జనం ఆయన ముఖంలో ప్రసన్నత కోసం చూస్తున్నారు. ఆయన భుజాలు చెవుల దాకా లేచాయి. పెదాలు బిగుసుకున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతులో ఏదో పైకీ కిందకీ కొట్టుకుంటోంది. ఎవరికీ అర్థం కాలేదు. పొరబోయిందేమోనని ఒకాయన మంచినీళ్ళ చెంబు అందుకున్నాడు.

వరాలుకు మాత్రం అర్థమైంది. చటుక్కున లేచింది. తన దొన్నె తీసుకుని, రెండు వరసల మధ్య గంటెలనూ బకెట్లనూ తప్పించుకుంటూ పరుగున వెళ్ళి, గురువుగారి గడ్డం కింద దొన్నె పట్టింది. “ఉమ్మీండి అయ్యోరూ, ఉమ్మీండి. పరవానేదు. నాను ఎవరికీ సెప్పను” అంది. చిన్నగొంతే గానీ భోజనశాల అంతా వినిపించింది.

అచ్యుతయ్య గారు రెండు చేతులతో దొన్నె పట్టుకుని ఉమ్మేశారు.

గంటెలు ఆగిపోయాయి. దాత ముఖం పాలిపోయింది. గురువుగారు నోరు పుక్కిలించి, కళ్ళు తుడుచుకుని, ముందు అతని వైపే తిరిగారు. “నీ పులుసులో లోపం లేదు నాయనా. నీ మనవడు నూరేళ్ళు బతుకుతాడు. బెండకాయ జిగురు నాకు పడదు. చిన్నప్పటినుంచీ పడదు. నువ్వు అంత ప్రేమగా అడిగావని ప్రయత్నం చేశాను” అన్నారు.

వరాలు అక్కడే గొంతుక్కూర్చుంది. అసలు సంగతి తేల్చుకోకుండా కదిలేలా లేదు. “పప్పో?” అని అడిగింది.

“పప్పూ అంతే.”

“గోంగూర పచ్చడో?”

“అమ్మో, దాని మాటెత్తకు! నాలుక మీద బురద రాసుకున్నట్టుంటుంది.”

“నాకూ!” అంది వరాలు. అని నవ్వింది. తవిటమ్మ తన కూతురు విస్తరి దగ్గర నవ్వగా అంతవరకూ చూడలేదు.

ఆడవాళ్ళ వైపునుంచి అప్పయ్యమ్మ లేచి వచ్చింది. ఆమె ఎవరికీ జంకే మనిషి కాదు. “అదేటి బాబూ, మీకు కూడా గాలేటి?” అంది. ఎవరో ఆమెను ఆపబోయారు. అచ్యుతయ్య గారు చేత్తో వారించి, పై మీది ఉత్తరీయం తొలగించారు. పొట్ట మీద, బొడ్డుకు పైగా, అణాబిళ్ళంతేసి మచ్చలు ఐదు. ముడతలు పడ్డ చర్మంలో నున్నగా మెరుస్తున్నాయి. నూనె రాసి స్నానం చేయించేటప్పుడు చయనులు వాటిని వందలసార్లు చూశాడు. ఎప్పుడూ అడగలేదు.

“నాకు ఏడో ఏట పెట్టించారమ్మా. నన్ను కదలకుండా పట్టుకున్నది మా నాయనమ్మే. ఆవిడకు నేనంటే ప్రాణం. నేను బతకనేమోనన్న భయంతో పట్టుకుంది. నీకూ ఆ భయమే. నాకు తెలుసు” అన్నారు ఆయన. ఒక మచ్చ మీద వేలు పెట్టి, “మచ్చలు మిగిలాయి. పప్పు మాత్రం దిగలేదు” అన్నారు.

అప్పయ్యమ్మ ఆ మచ్చలు చూసింది. తరవాత వరాలు పొట్ట వైపు చూసింది. ఆమె గొంతు తగ్గిపోయింది. “మరి ఇంతోరు ఎలగయినారు బాబూ?”

“ఆ తరవాత మా అమ్మ నా పక్కన కూర్చుని, ఏది నోట్లో ఉంటే నీకు బాగుంటుందిరా అని అడిగింది. అంతకుముందు ఎవరూ అడగలేదు.”

మర్నాడు అమావాస్య. అప్పయ్యమ్మ ఒంటరిగానే ఊరికి తిరిగి వెళ్ళింది. వెళ్ళేముందు తవిటమ్మ చేతిలో అటుకుల మూట ఒకటి పెట్టింది.

ఆ సంతర్పణ సాయంత్రం చయనులు ఎవరికీ కనిపించలేదు. నూతి వెనక, అడ్డాకుల కట్టల పక్కన కూర్చుని ఉండగా అచ్యుతయ్య గారే వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నారు. చయనులు తల ఎత్తలేదు. కోపం ఉంది. సిగ్గు ఉంది. పన్నెండేళ్ళ పోపు వాసనలన్నీ ఒక్కసారిగా వచ్చి ముక్కు దగ్గర నిలబడినట్టుంది. చివరికి, “నిగ్రహం అనుకున్నానండీ” అన్నాడు.

“నేనెప్పుడైనా అన్నానా?”

“అనలేదు. కానీ కాదని కూడా చెప్పలేదు కదండీ! నేను మానేస్తుంటే చూస్తూ ఊరుకున్నారు.”

“నువ్వు పప్పు మానేసినప్పుడు నీకూ పడదనుకున్నాను చయనులూ. నిజంగానే అనుకున్నాను. ఇన్నాళ్ళకు తోడు దొరికాడని సంతోషపడ్డాను కూడా” అన్నారు ఆయన. ఆ మాటలో వేళాకోళం లేదు. “నువ్వు పేరు పెట్టాక తెలిసింది. నలుగురూ మొదలుపెట్టాక చెప్పడానికి నాకూ మొహమాటమేసింది. అది నా తప్పే. నువ్వు మెచ్చుకున్నావు గానీ ఒక్కసారైనా అడగలేదు. మెచ్చుకునేవాళ్ళకు నిజం చెప్పడం కష్టం నాయనా.”

చయనులుకు నవ్వు వచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ అయ్యాక అచ్యుతయ్య గారు లేస్తూ, “నా దానికి దీక్ష అని పేరు పెట్టావు. వేలు కొరికించుకుని వచ్చిన రోజు ఆ పిల్ల దానికి ఏం పేరు పెట్టావో గుర్తుందా?” అని అడిగారు. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు చయనులు ముద్దపప్పు వడ్డించుకున్నాడు. మొదటి ముద్దకే కళ్ళు చెమర్చాయి. కారం ఎక్కువైందన్నాడు. పప్పులో కారమేమిటని వంటావిడ నిలదీసింది. పొడి దీక్ష పట్టిన మిగతా నలుగురిలో ముగ్గురు ఆ పూటే పులుసు బకెట్టును దగ్గరికి పిలిచారు. నాలుగో ఆయన తనకు అలాగే బాగుందని పొడన్నంలోనే ఉండిపోయాడు.

ఇక వరాలు సంగతి. అమావాస్య దాకా అన్న గడువు దాటినా చయనులు ఆ పిల్ల పక్కన కూర్చోవడం మానలేదు. గంటెల చప్పుడు తక్కువగా ఉండే చోట, స్తంభానికి వీపు ఆనేలా, ఇద్దరికీ చోటు చేసుకున్నాడు. తవిటమ్మ అడ్డాకు విస్తట్లో నాలుగు చిన్న దొన్నెలు కలిపి కుట్టింది. ఒకదానిలోది ఇంకోదానికి తగలదు. ఒక దొన్నెలో మాత్రం పిల్లకు కొత్తదేదైనా గోరంత పెట్టేవాళ్ళు. తినమని ఎవరూ అనేవారు కాదు. చూస్తే చూసింది, లేకపోతే లేదు. కొన్నాళ్ళు ఆ దొన్నెను వేలి చివరతో దూరంగా నెట్టేది. తరవాత నెట్టడం మానేసింది. ఒకరోజు వాసన చూసి, ముఖం చిట్లించి, మళ్ళీ చూసింది. వంట వేళకు అప్పడాలు నిప్పుల మీద తిప్పే పని తనే అడిగి తీసుకుంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీసేది. చింతపండు పిసికే గిన్నెలో మొదట పుల్ల పెట్టి తిప్పింది. పది రోజులకు ఒక వేలు ముంచింది. ముంచి, కడుక్కుని, మళ్ళీ ముంచింది.

భోజనాల దగ్గర మాట్లాడకూడదన్న నియమం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. వరాలు తన పక్కనున్న పెద్దమనిషికి తిండి భాష నేర్పసాగింది. అప్పడం కరకర. మాడుచెక్క పటపట. కొబ్బరిముక్క కసకస. వంకాయ కూర జారుడుబండ. పెరుగు పరవాలేదు, అది చల్లగా ఉంటాది గనక. చయనులు నలభై ఏళ్ళుగా తెలిసిన వస్తువులను మొదటిసారి నోట్లో పెట్టుకుని వినడం మొదలుపెట్టాడు. వరాలు చెప్పినవన్నీ వంటావిడకు చేరవేసేవాడు. ఆమె ఒకరోజు బెండకాయలను కాగితమంత పల్చగా తరిగి, ఎండలో పెట్టి, నూనెలో వేయించి ఇచ్చింది. వరాలు ఒకటి కొరికి, చెవి దగ్గర పెట్టుకుని రెండోది విరిచి విని, పిడికెడు తీసుకుని గురువుగారి దగ్గరికి పరిగెత్తింది. అచ్యుతయ్య గారు డెబ్బై రెండేళ్ళ వయసులో బెండకాయ తిన్నారు. “ఓహో, ఇది ఇలా కూడా ఉంటుందా!” అని వంటావిడను రెండుసార్లు పిలిచి మరీ చెప్పారు.

కార్తీకం వచ్చేసరికి వరాలు ఏమంత లావెక్కలేదు. కళ్ళ కింద నలుపు పోయింది. కొండ మీదికి తల్లితో పాటు ఆగకుండా ఎక్కుతోంది. వేయించిన బెండకాయ, ఉడికించిన పెసలు, పెరుగన్నం, నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప, ఇవి కొత్తగా దాని తిండిలో చేరాయి. పప్పు చేరలేదు. గంట మోగితే మాత్రం అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి స్తంభం దగ్గర కూర్చునేది. తల్లి కొంగు వెనక దాక్కునే రోజులు పోయాయి.

ఆ రోజుల్లో అప్పయ్యమ్మ మళ్ళీ వచ్చింది. మనవరాలు మాడుచెక్క విరుచుకుంటూ చయనులుతో ఏదో వాదిస్తుంటే కాసేపు చూసి, “తినీసిందోలమ్మా!” అని సంబరపడి, “పప్పొక్కటీ కూడా దిగిపోతే బాగుణ్ణు” అంది. ఆ మాట చయనులు మనసులో దిగబడింది. ఎంతైనా అన్నీ చక్కగా ఉండాలనుకునే మనిషి. భోజనాలు సాగుతుండగానే గురువుగారి దగ్గరికి వెళ్ళి కూర్చుని, “బాగానే ఉందండీ, అంతా బాగానే ఉంది. కానీ ఆ పిల్ల అందరిలా ఎప్పుడు తింటుందంటారు?” అని అడిగాడు.

అచ్యుతయ్య గారు ఈసారి అతని చేతుల వంక చూడలేదు. పంక్తి వంక చూశారు. ఒకాయన అన్నం మధ్యలో గుంట చేసి, చారు బయటికి పోకుండా గట్టు కడుతున్నాడు. పక్కనాయన కరివేపాకు రెబ్బలన్నీ ఏరి విస్తరి అంచున వరసగా పేర్చాడు. ఒకావిడ మజ్జిగ ముందే తాగేసింది. అప్పయ్యమ్మ ముద్దకో పచ్చిమిరపకాయ కొరుకుతూ, బెల్లం పరమాన్నం మాత్రం చెయ్యి అడ్డం పెట్టి వద్దంటోంది. వంటావిడ గుమ్మంలో నిలబడే తింటోంది. కూర్చుంటే ఆవిడకు అన్నం సహించదు.

“ఈ వరసలో ‘అందరూ’ ఎక్కడ కూర్చున్నారో నాకు ఒకసారి చూపించు నాయనా” అన్నారు ఆయన.